స్పానిష్‌లో "నా లక్ష్యం" అనాలంటే ఒబ్హెతీవోనా, మెతానా, ప్రొపోసితోనా?

ప్రశ్న: స్పెయిన్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. మోటివేషన్ లెటర్ స్పానిష్‌లోనే రాయాలి. డిక్షనరీ చూస్తే లక్ష్యానికి నాలుగైదు మాటలున్నాయి. "చదవాలనుకుంటున్నాను" అనడానికి పెన్సార్ వాడాలా, ప్రెతెందేర్ వాడాలా? గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: లెటర్‌కి కళ్లు మూసుకుని ఒబ్హెతీవో వాడేయండి. అక్కడి యూనివర్సిటీల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ ఇదే మాట కనిపిస్తుంది. మెతా అంటే అసలు పరుగుపందెంలో ముగింపు గీత. జీవితంలో చేరాలనుకునే చోటుకీ వాడతారు. ప్రొపోసితోలో గట్టిగా అనుకోవడం ఉంది, కొత్త సంవత్సరం తీర్మానాలను ప్రొపోసితోస్ అనే అంటారు. ఇంతెన్సియోన్ ఉద్దేశం మాత్రమే, జరుగుతుందన్న హామీ అందులో లేదు.

ఇక పెన్సార్. దీని తర్వాత నేరుగా క్రియ పెడితే ప్లాన్ అవుతుంది: "పియెన్సో ఎస్తుదియార్", చదవాలనుకుంటున్నాను. మధ్యలో "ఎన్" చేరిస్తే చదువు గురించి ఆలోచిస్తున్నానని అర్థం, అంతే. ప్రెతెందేర్ చూసి ఇంగ్లిష్‌లోలా నటించడం అనుకోకండి, అది ప్రయత్నించడం, ఉద్దేశించడం. "ఈ అధ్యయనం ఫలానాది పరిశీలించదలచింది" లాంటి వాక్యాలకు బాగుంటుంది. మీ గురించి చెప్పుకునేటప్పుడు మాత్రం పెన్సార్ చాలు.

మరో సభ్యురాలు: మెతాను అంత తీసిపారేయకండి. మెక్సికోలో ఇంటర్వ్యూకి వెళ్తే "మీ మెతాస్ ఏమిటి?" అనే అడుగుతారు.

జవాబు: నిజమే, నేను స్పెయిన్ లెటర్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్పాను. అసలు తప్పులు ఎక్కువ దొర్లేది "పారా" (కోసం) దగ్గర. ఇక్కడ మన తెలుగే దారి చూపిస్తుంది. వాక్యంలోని రెండు పనులకూ నేనే కర్తనైతే "నేర్చుకోవడానికి", అంటే పారా అప్రెందేర్. కర్త మారితే మనం "అమ్మకు అర్థమయ్యేలా" అంటాం కదా, అక్కడ "పారా కె మి మాద్రె ఎన్తియెందా". ఎన్తియెందె కాదు, చివర "దా" రావాలి, అది సబ్‌జంక్టివ్, అంటే జరగాలనుకునే పనికి వాడే క్రియారూపం.

అడిగినవారు: ధన్యవాదాలండీ. మొదటి వాక్యం ఇలా రాశాను: "మి ఒబ్హెతీవో ఎస్ పారా త్రబహార్ ఎన్ ఎనెర్హియా సోలార్" (సౌరశక్తి రంగంలో పనిచేయడం నా లక్ష్యం). సరేనా?

జవాబు: "పారా" తీసేయండి. "మి ఒబ్హెతీవో ఎస్ త్రబహార్..." చాలు. లక్ష్యమని ముందే చెప్పేశారు కాబట్టి మళ్లీ "కోసం" అక్కర్లేదు.