రియల్ భాగం 50 దాటితే జూలియా సెట్ అనేయొచ్చా?

గజపతినగరం: విజయనగరంలో మా కాలేజీ సైన్స్ ఎగ్జిబిషన్‌కి పోస్టర్ వేస్తున్నాను. కాంప్లెక్స్ తలంలో (రియల్, ఇమాజినరీ భాగాలున్న సంఖ్యల తలం) ప్రతి బిందువు నుంచీ మొదలుపెట్టి, ఎక్స్‌పొనెన్షియల్‌ని ('ఈ' పవర్ జెడ్, 'ఈ' అంటే 2.718) లామ్డా అనే స్థిర సంఖ్యతో గుణించి, వచ్చిన విలువను మళ్లీ అందులోనే వేస్తూ 20 సార్లు తిప్పాను. రియల్ భాగం 50 దాటితే రంగు, లేకపోతే నలుపు. లామ్డా 0.36కీ 0.38కీ బొమ్మలు దాదాపు ఒకేలా వచ్చాయి. వీటిని జూలియా సెట్లు (మొదలుపెట్టే చోటు కాస్త మారినా తర్వాతి దారి పూర్తిగా మారిపోయే బిందువుల గుంపులు) అంటే మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. రేపు మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్స్‌కి ఇచ్చేయాలి.

నాగావళి: తమ్ముడూ, 20 చాలదు. బొమ్మ తీరు మారిపోయే లామ్డా హద్దు 1 బై 'ఈ', అంటే 0.3679 దగ్గరుంది. 0.38 పెట్టి సున్నా నుంచి క్యాలిక్యులేటర్‌లో నొక్కి చూడు. పదో అడుగుకి 0.983, పదకొండుకి 1.016, ఒకటి దగ్గర నత్తనడక. 20కి 1.73, 23కి 9.86, 24కి ఏకంగా 7,000 పైన! 0.36 అయితే ఎంత తిప్పినా 0.806 దగ్గరే ఆగుతుంది. 0.38కి తలమంతా జూలియా సెట్టే. లామ్డా 1కి ఈ మాట 1981లో గణితవేత్త మిషురేవిచ్ నిరూపించాడు.

బొబ్బిలి: సీనియర్ మాటే కరెక్ట్. 50 దాటినంత మాత్రాన పారిపోయినట్టు (అనంతం వైపు పోయినట్టు) కాదు. రియల్ భాగం 51, ఇమాజినరీ భాగం π (3.14) అనుకోండి. 0.36తో తర్వాతి అడుగు పేద్ద మైనస్ సంఖ్య, ఆ తర్వాత దాదాపు సున్నా, అక్కణ్ణుంచి 0.806కే చేరుతుంది. అది ఫటూ సెట్‌లో (జూలియా సెట్‌కి బయట, దారి నిలకడగా ఉండే భాగంలో) బిందువు, మీ ప్రోగ్రామ్ దానికి జూలియా రంగు పూసింది. ఇలాంటి లామ్డాకి జూలియా సెట్ వైశాల్యం సున్నా అని 1987లో గణితవేత్త మెక్‌ముల్లెన్ తేల్చాడు, హౌస్‌డార్ఫ్ డైమెన్షన్ (గీతకి 1, తలానికి 2 వచ్చే కొలత) 2 అయినా సరే. మరి బొమ్మలో కుడివైపు చేతివేళ్లలా ఉన్న ఆ లావాటి రంగు పట్టీలేమిటి?

నాగావళి: వైశాల్యం లేనిదాన్ని పిక్సెళ్లతో ఇంకెలా చూపిస్తాం మాస్టారూ? రంగు పడ్డచోటికి దగ్గర్లోనే జూలియా బిందువు ఉంటుంది. బొమ్మ చూపేది ఆ దగ్గరితనాన్నే.

బొబ్బిలి: ఆ మాటే పోస్టర్ మీద రాయమంటున్నా. పిల్లలు జెడ్ స్క్వేర్ ప్లస్ సి (ఎక్స్‌పొనెన్షియల్ బదులు ఆ సూత్రాన్ని తిప్పితే వచ్చే) జూలియా బొమ్మలు చూసి వస్తారు. అక్కడ పారిపోయే బిందువులు జూలియా సెట్‌కి బయటివి, ఇక్కడ పారిపోయేవన్నీ లోపలివి. ఈ తేడా చెప్పకపోతే వాళ్లు పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

గజపతినగరం: 200 సార్లు తిప్పితే 0.38 బొమ్మలో నలుపు దాదాపు పోయిందండీ. లామ్డా, 50, 200 మూడూ కింద వేస్తున్నాను. సైన్‌కీ ఇదే టెస్టా?

నాగావళి: కాదు, దానికి ఇమాజినరీ భాగం చూడాలి, పైకైనా కిందికైనా 50. రియల్ భాగం చూస్తే 60కి రంగు పడిపోతుంది. సైన్ 60 రేడియన్లు మైనస్ 0.3 మాత్రమే, ఇక సున్నా వైపే నడక.

బొబ్బిలి: సైన్ బొమ్మకి నా అభ్యంతరం తక్కువే, దాని జూలియా సెట్‌కి వైశాల్యం ఉందని మెక్‌ముల్లెనే చూపించాడు. 0.36 బొమ్మ కింద మాత్రం 'వైశాల్యం సున్నా' అని వేయాల్సిందే.