తెలిసి కూడా గమ్మునుండుడు గొప్పనా, తప్పా?

చండూరు చిన్నోడు:
మొన్న మా ఊర్ల నీళ్ల మీద మీటింగ్ పెట్టిన్రు. ఒక తమ్ముడు మైకు పట్టుకొని, బోరునీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతదని గట్టిగ చెప్పిండు. ముందు వరుసల రిటైరైన కెమిస్ట్రీ సార్ కూసున్నడు. ఒక్క మాట అనలే. తెల్లారి ఆ తమ్ముని ఇంటికి పోయి, చాయ్ తాగుకుంట చెప్పిండట: కాస్తే నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది, ఉన్న నీళ్లల్ల ఇంకా ఎక్కువైతది అని. పొద్దుగూకక ముందే ఆ తమ్ముడే ఊరి వాట్సాప్ గ్రూపుల సరిచేసి పెట్టిండు. నాకైతే సార్ పద్ధతి మస్తు నచ్చింది. మా దోస్తు తప్పంటుండు. మీరేమంటరు? (కంచు, కనకం పద్యం మాత్రం పెట్టొద్దు. అది అందరికీ వచ్చు.)

జడ్చర్ల జంక్షన్:
తప్పే. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది దాటిన నీళ్లు తాగి నడుములు వంగినోళ్లను నల్లగొండల కండ్లార చూసినం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌ల ఉన్న నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టిన్రు. అసొంటి జిల్లాల కెమిస్ట్రీ సార్ నోరు మూసుకుంటే ఎట్ల? మీటింగుకు వచ్చిన ముసలోళ్లు వాట్సాప్ చూస్తరా? ఆ రాత్రే గిన్నె పొయ్యి మీద పెడ్తరు. పోరని మొఖం చిన్నబోతదని ఊరి బొక్కలు వంగబెడ్తమా?

బోరుబండి:
నేను బోరుబండి మీద పనిచేస్త. అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని పాయింట్ చూపెట్టేటోని ఎనక మస్తు తిరిగిన. మన దిక్కు కింద అంత గ్రానైట్ బండ. నీళ్లుంటే పగుళ్లల్లనే ఉంటయి, కాయ లేసి నిలబడితే బండ పగుల్తదా? అయినా నేను నోరు తెర్వ. వినయం కాదన్నా, భయం. నేను చెప్పిన కాడ నీళ్లు పడకపోతే రైతు అప్పు నా నెత్తిన పడ్తది. కాయ తప్పైతే దేవుని మీదికి పోతది. సార్‌ది గూడ సగం గిదే కావొచ్చు, అడిగి చూడు.

గద్వాల అక్క:
సార్ గమ్మునుంటే నిండుకుండ అంటున్నరు. ఎందుకు? ఆయనకు తెల్సని ఊరందరికీ ముందే తెల్సు. నేను ఎమ్మెస్సీ చేసిన. పెండ్లైన కొత్తల మా మామయ్య రక్తపరీక్ష కాయితం పట్టుకొని ఇంట్ల తలా ఒక మాట అంటున్నరు. ఊకుంటే ‘ఏం చదివిందో’ అన్నరు. షుగర్ ఎక్కువున్నది, డాక్టర్ దగ్గరికి పోదామంటే ‘కోడలు చదువు చూపెడ్తున్నది’ అన్నరు. గమ్మునుండుడు సార్‌కు అందం, నాకైతే ఉన్న పేరు గూడ పోవుడే. మా దిక్కు సురవరం ప్రతాపరెడ్డి గారు, తెలంగాణల కవులే లేరన్న మాట వస్తే వినయంగ ఊకోలే. 354 మంది కవుల పద్యాలు కూర్చి 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు.

వనపర్తి వకీలు:
అక్కా, నేను సార్ దిక్కు. మీ సాక్ష్యం గూడ నా దిక్కే వస్తున్నది. ఆ సంచిక బలం ప్రతాపరెడ్డి గారి పాండిత్యం కాదు, ఆ 354 మంది. తెల్సింది చెప్పుడు వేరు, నాకు తెల్సని చెప్పుడు వేరు.

గద్వాల అక్క:
వేరే. కని తీర్పు చెప్పేది ఎవరు వకీలు సాబ్? వినేటోళ్లు. నేను ఏది చెప్పినా మా ఇంట్ల రెండోదానిలనే రాసుకుంటరు.

చండూరు చిన్నోడు:
సార్‌ను అడిగిన. భయం లేదట. ‘నలుగుర్ల కాదంటే పోరడు పట్టుబడ్తడు, సగం ఊరు వాని దిక్కు నిలబడ్తది, ఇగ కాచుడు మానరు’ అన్నడు. తాగనీకె మిషన్ భగీరథ నీళ్లున్నయి, బోరు బర్లకు, బట్టలకే గదా అని గూడ అన్నడు.

జడ్చర్ల జంక్షన్:
మంచిదే. నల్లా రాని దినం ఏం నీళ్లు తాగుతున్నరో సార్‌ను కాదు, ఆ ముసలోళ్లను అడుగు.