ఫ్యామిలీ ఎస్‌యూవీకి మైలేజ్ పెంచాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

లాస్ట్ బెంచ్ మెక్:
అన్నలూ కొంచెం హెల్ప్ కావాలి. మెకానికల్ ఫైనల్ ఇయర్, నలుగురం కలిసి ఒక ప్రాజెక్ట్ తీసుకున్నాం, ఐదుగురు కూర్చునే పెట్రోల్ ఎస్‌యూవీని కాగితం మీద మళ్ళీ డిజైన్ చేసి మైలేజ్ పెంచాలి. కొలతలకి మా నాన్న బండే తీసుకున్నాం, జనంతో కలిపి 1600 కేజీల దాకా ఉంటది, ఊళ్ళో 10 దాటదు, హైవే మీద 15 వస్తే ఆయన ఆ రోజంతా అందరికీ చెప్పుకుంటారు. మావాడొకడు ఇంజిన్ చిన్నది చేసి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టేది) పెడదాం అంటాడు, ఇంకోడు బాడీ మొత్తం కార్బన్ ఫైబర్ అంటాడు, నేనేమో హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీ, మోటార్) అంటున్నా. సార్ ఏదో ఒక్కటే తీసుకుని లెక్కలతో రండి అన్నారు. సీట్లు, డిక్కీ తగ్గకూడదు. ఏది పట్టుకోమంటారు?

గేర్ బాబాయ్:
కార్బన్ ఫైబర్ అన్నోడికి ముందు దాని రేటు చూడమను తమ్ముడూ, తర్వాత ఇంకేం మాట్లాడడు. అసలు మీ నాన్నగారి బండి ఎక్కడ ఎక్కువ తిరుగుద్దో అది రాసుకోండి, ఎందుకంటే ఊళ్ళో పెట్రోల్ తాగేది బరువు, హైవే మీద తాగేది గాలి. 1600 కేజీల బండి 50 స్పీడ్‌లో ఉంటే దాంట్లో ఉండే శక్తి 154 కిలోజౌల్స్, బ్రేక్ తొక్కగానే అదంతా వేడి అయిపోద్ది. లీటర్ పెట్రోల్‌లో 32 మెగాజౌల్స్, చక్రాల దాకా వచ్చేది పావు వంతు అనుకుంటే ఒక్కసారి ఆగి మళ్ళీ 50కి రావడానికి 19 మిల్లీలీటర్లు. అంటే 50 సార్లు ఆగితే దాదాపు లీటర్ పోయినట్టే. అమీర్‌పేట్ సైడు 50 సార్లు ఆగడం ఎంతసేపు చెప్పు.
అదే హైవే మీద 100లో పోతుంటే గాలి వెనక్కి నెట్టేది 440 న్యూటన్ల దాకా, టైర్ల రాపిడి 160 ఉంటదేమో అంతే (డ్రాగ్, అంటే బండి ఆకారం గాలికి ఎంత అడ్డో చెప్పే నంబర్, 0.35, ముందు వైపు 2.7 చదరపు మీటర్లు అనుకుని వేశా, మీ కొలతలు పెట్టుకోండి). స్పీడ్ 80 నుంచి 120కి పెంచితే గాలి అడ్డు రెండుంపావు రెట్లు అవుద్ది. టర్బో అంటావా, ఐదుగురు ఎక్కి ఏసీ వేసి ఘాట్ ఎక్కితే చిన్న ఇంజిన్ అయినా తాగేది తాగుద్ది.

మిషిగన్ తెలుగోడు:
బాబాయ్ లెక్క చూస్తే ఊరి తిరుగుడుకి హైబ్రిడ్డే, బ్రేక్‌లో పోయే శక్తిని మోటార్ కరెంట్ చేసి, అందులో సగం బ్యాటరీలోకి పంపినా పెద్ద విషయమే కదా. ఇక్కడ ఫోర్డ్ వాళ్ళు 2004లోనే ఎస్కేప్ ఎస్‌యూవీని హైబ్రిడ్ చేశారు, న్యూయార్క్‌లో ట్యాక్సీలుగా కూడా తిరిగాయి, పొద్దస్తమానం ఆగుతూ కదులుతూ ఉండే బండికే కదా దీంతో ఎక్కువ లాభం. ఇంకోటి, హైబ్రిడ్ అంటే ఉన్న ఇంజిన్‌కి మోటార్ తగిలించడం ఒక్కటే కాదు. ఇంజిన్‌కి అట్కిన్సన్ సైకిల్ పెడతారు, అంటే గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ లేటుగా మూస్తారు, పెట్రోల్ పొదుపు కానీ కింద స్పీడ్‌లో లాగుడు తగ్గుద్ది, ఆ లోటు మోటార్ పూడుస్తది. ఇండియాలో 2022లో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు (మోటార్ ఒక్కటే కూడా బండిని కాసేపు నడపగలిగేవి) అదే, కంపెనీ చెప్పేది లీటర్‌కి 27.97. కానీ బ్యాటరీ డిక్కీ కింద పెట్టారు కాబట్టి సామాను చోటు తగ్గింది, నీ కండిషన్ అక్కడే దెబ్బతింటది. బ్యాటరీ ఎక్కడ పెడతావో అదే నీ ప్రాజెక్ట్ అనుకో.

సూర్యాపేట దాబా ఫ్యాన్:
కంపెనీ నంబర్ చూసి మోసపోకండి, మన దగ్గర మైలేజ్ కొలిచే టెస్ట్ సైకిల్‌లో స్పీడ్ 90 దాటదు. నేను హైదరాబాద్ టు విజయవాడ నెలకి రెండుసార్లు వెళ్తా. పైన క్యారియర్ ఊరికే ఖాళీగా ఉండేది, తీసేశాక లీటర్‌కి ఒకటి పైనే పెరిగింది, రూపాయి ఖర్చు లేదు. కింద భాగం నున్నగా ప్యానెల్స్‌తో మూసి, రేడియేటర్ ముందు అవసరమైనప్పుడే తెరుచుకునే షట్టర్ పెట్టండి, ఎస్‌యూవీ లుక్ పోదు.

లాస్ట్ బెంచ్ మెక్:
థాంక్యూ అన్నా అందరికీ. వెనక భాగం సన్నగా సాగదీస్తే గాలికి మంచిదని చదివా, మరి మన దగ్గర చాలా బండ్లు వెనక నరికేసినట్టు ఎందుకుంటాయి?

గేర్ బాబాయ్:
బండి పొడవు 4 మీటర్ల లోపు ఉంటే ట్యాక్స్ తక్కువ నాయనా, మరి సీట్లు డిక్కీ అందులోనే ఇరికించాలంటే తోక కోయాల్సిందే. మీది కాగితం బండి కదా, ఒక పదిహేను సెంటీమీటర్లు పెంచి చూడండి.

లాస్ట్ బెంచ్ మెక్:
సరే బాబాయ్, ఊళ్ళో తిరగడానికే ఫిక్స్ అయ్యాం, హైబ్రిడ్ ప్లస్ బ్యాటరీ వెనక సీటు కింద. క్యారియర్ సంగతి నాన్నకి చెప్పా, మామిడికాయలు తెచ్చేశాక తీద్దాంలే అన్నారు.