"దుహితా మే పండితా": ఈ పండితకి తెలిసిందేమిటి?

అరసున్న: బృహదారణ్యక ఉపనిషత్తు చివర్లో "దుహితా మే పండితా" (నాకు పండితురాలైన కూతురు పుట్టాలి) అని వస్తుంది కదా, ఆపైన భవేత్‌ ఆ, జాయేత ఆ? అలాంటి కూతురు కావాలంటే ఆలుమగలు నువ్వులన్నం తినాలన్న సంగతి. అక్కడి 'పండితా'కి తన భాష్యంలో శంకరాచార్యులు ఏదో అడ్డు వేసినట్టు గుర్తు. పొద్దున్నుంచీ బుర్ర తొలిచేస్తోంది.

భాష్యం బాబాయి: జాయేత. 6-4-17. "దుహితుః పాండిత్యం గృహతంత్రవిషయమేవ, వేదేఽనధికారాత్‌." అంటే కూతురి పాండిత్యం ఇంటి పనుల్లో మాత్రమే, వేదంలో అధికారం లేదు కనక. ఆ 'ఏవ'తో ('మాత్రమే'తో) గడియ పడిపోయింది.

నన్నడగండి: అంత తేలిగ్గా పడదు బాబాయ్‌ గారూ. ఇదే ఉపనిషత్తులో, 3-5-1లో, "పాండిత్యం నిర్విద్య" (పాండిత్యాన్ని పూర్తిగా పొంది) దగ్గర ఆయనే పాండిత్యమంటే ఆత్మవిజ్ఞానం అన్నారు. బ్రాహ్మణుడికి ఆత్మ, కూతురికి గరిటెనా?

భాష్యం బాబాయి: సందర్భం చూడాలండీ. కొడుకు కావాలన్న ప్రతి మంత్రంలో వేదం ఉంది. 14వ మంత్రంలో ఒక వేదం, 15లో రెండు, 16లో మూడు, 18లో అన్నీ. 17లో ఆ ఊసే లేదు.

నన్నడగండి: కూర్చోబెట్టిన చోటు చూడండి మరి! మూడు వేదాల కొడుక్కీ అన్ని వేదాల కొడుక్కీ మధ్యన. పైగా ఇంటి తెలివికి ఆ గ్రంథంలోనే వేరే మాటుంది. 4-5-1లో యాజ్ఞవల్క్యుడి భార్యల్లో మైత్రేయి బ్రహ్మవాదిని (బ్రహ్మం గురించి చర్చించేది), కాత్యాయని "స్త్రీప్రజ్ఞా" (ఆడవాళ్ళ ఇంటి తెలివి ఉన్నది). గృహతంత్రమే కావాలంటే ఇక్కడా ఆ మాటే వేసేవారుగా.

ద్విపదప్రియ: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. అధికారం లేదంటే తత్త్వం ఆగిందా? మన తరిగొండ వెంగమాంబ వాసిష్ఠ రామాయణం ద్విపదలో రాసింది, రాజయోగసారం రాసింది. మనవాళ్ళేమో భక్తకవయిత్రి అని ముత్యాల హారతి దగ్గరే ఆపేశారు. ఆ వాసిష్ఠంలోని చూడాల అనే రాణినే చూడండి. పెళ్ళాం జ్ఞానం చెబితే రాజు శిఖిధ్వజుడు నవ్వి అడవికి పోయాడు. ఆవిడ కుంభుడనే బ్రాహ్మణ కుర్రాడి రూపంలో వెళ్ళి చెబితే బుద్ధిగా విన్నాడు!

భాష్యం బాబాయి: కథ బాగుందమ్మా. 'ఏవ'కి జవాబు కాదు.

నన్నడగండి: జవాబు గార్గి, సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నించినావిడ. "మా తే మూర్ధా వ్యపప్తత్‌" (నీ తల రాలిపడకూడదు సుమా) అని ఆయన బెదిరిస్తే అప్పటికి ఊరుకుంది, మళ్ళీ లేచి రెండు బాణాల్లాంటి ప్రశ్నలు వేసింది. యాజ్ఞవల్క్యుణ్ణి మీరెవరూ గెలవలేరని సభకి తీర్పు చెప్పిందీ ఆవిడే. చివరికి తల పడింది అదే సభలో వాదించిన శాకల్యుడిది.

అరసున్న: ఒక్క నిమిషం. 'మా' (వద్దు) పక్కన అడాగమం, అంటే క్రియకి ముందు చేరే 'అ', రాకూడదు కదా, పాణిని సూత్రం "న మాఙ్యోగే". విపప్తత్‌ అనాలి. మరి 'వి'కి 'అ' చేరి 'వ్య' ఎలా వచ్చింది?

భాష్యం బాబాయి: తరవాతి సూత్రం చూడండి, "బహులం ఛందస్యమాఙ్యోగేఽపి". వేదంలో 'మా' ఉన్నా ఆ 'అ' రావచ్చు.

నన్నడగండి: ఓహో, అక్కడ మాత్రం మినహాయింపు ఒప్పుకుంటారన్నమాట.