వలసదారులకు ఒక దేశం తలుపు ఎంత తెరవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

క్యూలో_నేను:
ఎక్కడ ఎన్నికలొచ్చినా ఇదే గోల, తెరవాలా మూయాలా అని. నేను అమెరికాలో 11 ఏళ్లుగా హెచ్-1బీ మీద ఉన్నాను. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 అర్జీ ఎప్పుడో అప్రూవ్ అయింది. కానీ ఉద్యోగాల కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ దేశం వాళ్లకూ 7 శాతం మించకూడదన్న రూలు ఉంది. మన దేశం నుంచి అడిగేవాళ్లేమో చాలామంది. అందుకే వంతు ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటూ కూర్చున్నా. రానిచ్చారు, పని చేయించుకుంటున్నారు, పన్నూ కట్టించుకుంటున్నారు. ఉండనిస్తారో లేదో మాత్రం తేల్చరు. దీన్ని తెరిచిన తలుపు అనాలా, మూసిన తలుపు అనాలా?

మాజీ_గల్ఫ్:
మీకు క్యూ అయినా ఉందండీ. ఖతార్, యూఏఈ జనాభాలో ఎక్కువమంది బయటివాళ్లే. లోపలికి రానివ్వడమే లెక్కయితే వాళ్లకన్నా ఓపెన్ ఎవరున్నారు? నేను ఖతార్లో కఫాలా (పనివాడి వీసా యజమాని చేతిలో ఉండే పద్ధతి) కింద ఆరేళ్లు చేశా. పాస్‌పోర్టు మా కంపెనీవాడి బీరువాలో ఉండేది. మూడు నెలలు జీతం ఆపినా నోరెత్తలేదు. ఇంకో చోట చేరాలంటే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీద సంతకం పెట్టాల్సింది వాడే మరి. 2020లో ఖతార్ ఆ ఎన్ఓసీ రూలు ఎత్తేసింది, నేను వచ్చేశాక! నా అదృష్టం అలాంటిది. ఎంతమందిని రానిస్తారని కాదు, వచ్చినవాడు యజమానిని మార్చుకోగలడా అని అడగాలి.

మంచు_దేశం:
తిట్టుకున్నా సరే, అవతలి మాట నేను చెప్తా. పాయింట్ల మీద కెనడా వచ్చి పౌరసత్వం తీసుకున్నవాణ్ని. 1967 నుంచి ఇక్కడ పాయింట్ల పద్ధతే. చదువు, వయసు, భాష, అనుభవం చూస్తారు. జనం కూడా పెద్దగా గొణిగేవాళ్లు కాదు. 2023లో ఒక్క ఏడాదిలోనే జనాభా 3 శాతం పైగా పెరిగింది, అందులో ఎక్కువ భాగం స్టూడెంట్లు, తాత్కాలిక పర్మిట్లవాళ్లు. ఇళ్లు ఆ స్పీడులో లేస్తాయా? నా బేస్‌మెంట్‌కి ప్రకటన పెడితే ఒక్క రోజులో 60 మెసేజ్‌లు. 2024లో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టారు. ముందే లెక్క చూసుకుని పిలిచి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు.

మాజీ_గల్ఫ్:
@మంచు_దేశం, మీరు ఎక్కాక నిచ్చెన తీసేయమంటున్నారన్నమాట :)

మంచు_దేశం:
తీసేయమనలేదు బాబూ, ఒకేసారి అందరూ ఎక్కితే విరుగుతుంది అంటున్నా.

లెక్కల_పిల్లి:
'వాళ్లొస్తే మన జీతాలు పడిపోతాయి' అన్న మాట ఇంకా రాలేదు, నేనే తెస్తా. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి కొన్ని నెలల్లోనే దాదాపు 1,25,000 మంది ఫ్లోరిడాలో దిగారు. మయామీలో పనివాళ్ల సంఖ్య 7 శాతం పెరిగిపోయింది. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ లెక్క తీస్తే స్థానికుల జీతాల మీద పెద్దగా దెబ్బ కనబడలేదు. ఆ ఉదంతాన్నే మళ్లీ తవ్విన మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్, హైస్కూలు పూర్తిచేయనివాళ్లకు గట్టిగానే తగిలిందన్నాడు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

మూసేస్తే ఏమవుతుందో జర్మనీ చూపించింది. 1961 ఒప్పందంతో టర్కీ నుంచి కూలీలను పిలిచి, 1973లో ఆపేసింది. అప్పటిదాకా వెళ్లిపోదామనుకున్నవాళ్లకు, వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయం పట్టుకుంది. చాలామంది అక్కడే ఉండిపోయి పెళ్లాం పిల్లల్ని తెచ్చుకున్నారు. మూస్తే వచ్చేవాళ్లే కాదు, పోయేవాళ్లూ ఆగిపోతారు.

నర్సక్క:
ఇప్పుడు అదే జర్మనీ మా నర్సుల వెంట పడుతోంది. భాష పరీక్ష పాసయ్యి వచ్చా. నా డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగానే చేయించుకున్నారు. పదేళ్లు ఐసీయూలో చేసినదాన్ని, పక్కలు సర్దుతూ ఏడాది గడిపా. రాత్రి డ్యూటీలకు మనుషులు లేరని వార్డులో ఒకటే టెన్షన్, నా కాగితాలేమో ఆఫీసులో. అయితే ఒకటి, గుర్తింపు వచ్చాక నన్నెవరూ వేరుగా చూడలేదు. ఎన్నాళ్లు పడుతుందో ముందే చెప్పి ఉంటే ఆ ఏడాదీ ఓర్చుకునేదాన్ని.

క్యూలో_నేను:
అక్కా, ఆ ముక్కే నేనూ అడిగేది. మూడేళ్లంటే మూడేళ్లు, కుదరదంటే కుదరదు, ముందే చెప్తే వేరే దారి చూసుకుంటా. మా అమ్మాయికి వచ్చే మార్చికి 21 నిండుతాయి, నా మీద ఉన్న డిపెండెంట్ వీసా పోతుంది. తొమ్మిదేళ్లప్పుడు తెచ్చిన పిల్ల, ఇప్పుడు స్టూడెంట్ వీసాకి అప్లై చేసుకుంటోంది. ఈ నెల బులెటిన్ కూడా వచ్చింది. డేట్ కదల్లేదు.