కారు కార్పెట్ ఎంత కడిగినా రంగునీళ్లే వస్తున్నాయి, ఎక్కడ ఆపాలి?

అందరికీ నమస్కారం. మేం ఉండేది చెన్నై వేళచ్చేరిలో. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు, కార్పెట్టే ఘోరం. యాక్సిలరేటర్ దగ్గర మడమ ఆనే చోట మట్టి, జిడ్డు కలిసి అట్టకట్టి, గోరుతో గీకితే పొడిపొడిగా లేస్తోంది.

ముందు వ్యాక్యూమ్ బాగా పట్టి, షాంపూ కొట్టి బ్రష్‌తో రుద్ది, తడి కూడా పీల్చే వ్యాక్యూమ్‌తో లాగాను. మొదట డికాషన్ లాంటి నీళ్లు వచ్చాయి. ఇప్పుడు లేత గోధుమరంగుకి దిగి, అక్కడే మొరాయించాయి. షాంపూ మిగిలితే దుమ్ము ఇంకా త్వరగా పడుతుందని ఇప్పుడు ఉత్త గోరువెచ్చటి నీళ్లే వాడుతున్నా. మా అత్తగారైతే, "ఇంట్లో గచ్చుని ఏనాడైనా ఇంతలా తోమారా బాబూ" అంటున్నారు.

నా అనుమానం ఏంటంటే, ఈ రంగు కార్పెట్‌దేనా, లేక కింద ఉండే ఫోమ్‌లోంచి ఊరుతోందా? నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాల్సిందేనా? లేక తడి తెల్లగుడ్డ గట్టిగా అద్దితే మరక పడకపోతే చాలా?

వానాకాలం ముంచుకొస్తోంది, అసలు టెన్షన్ అదే. ఈ ఉక్కలో పైన ఆరినట్టే ఉన్నా అడుగున తడి ఉండిపోతే ముక్కవాసన, బూజు ఖాయం. సీట్ల కింద వైర్లు కూడా ఉన్నాయి. సీట్లు విప్పి కార్పెట్ పైకెత్తి ఆరబెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో చేసుకోగలిగే పనేనా, మెకానిక్‌కి ఇవ్వాలా?