‘నెల తప్పింది’లో తప్పినదేమిటి?

మలక్‌పేట నుంచి అడుగుతున్నాను. మా అత్తయ్య ఫోన్‌లో ఎవరి గురించో "నెల తప్పిందట" అంటుంటే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి "నెల ఎలా తప్పుతుంది నానమ్మా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఇక్కడ ‘నెల’ చంద్రుడా, మాసమా?

జవాబు: మొదట చంద్రుడేనండి. నెలవంక, వెన్నెల చూడండి. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29న్నర రోజులు, అదే మాసానికి పేరైంది. రుతుచక్రం సగటున 28 రోజులు కాబట్టి దానికీ ఆ మాటే అంటింది. కానీ దాన్ని నడిపేది చంద్రుడు కాదు, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి, అండాశయాలు. అందుకే పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల దాకా ఎంతైనా మామూలే.

నాకు ఇష్టమైనది ‘తప్పింది’. ఇది పొరపాటు అనే తప్పు కాదు, ‘వరుస తప్పింది’లోని తప్పడం. అండం విడుదలయ్యాక, అది ఖాళీ చేసిన పుటిక (అండాశయంలో అండం పెరిగిన చిన్న సంచి) పసుపుపచ్చ ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. గర్భాశయం లోపలి పొరను నిలిపేది ఆ హార్మోనే. రెండు వారాల్లో ముద్ద వాడిపోతుంది, హార్మోన్ పడిపోతుంది, పొర ఊడి ముట్టు వస్తుంది. పిండం కుదురుకుంటే మాత్రం హెచ్‌సీజీ అనే హార్మోన్ పంపి ఆ ముద్దను వాడనివ్వదు. మెడికల్ షాపు కిట్ మూత్రంలో వెతికేది దీన్నే. అంటే నిజంగా తప్పింది ప్రొజెస్టిరాన్ పడిపోవడం! ‘నీళ్ళోసుకుంది’ అన్నా కబురు అదే, కానీ లోపల జరిగేదానికి ‘నెల తప్పింది’ ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మరొకరు: మా చెల్లికి మూడు నెలలుగా రావట్లేదు, గర్భం కాదు. దానికీ ఈ మాట వాడొచ్చా?

జవాబు: వాడుకలో ఇది గర్భానికే. మిగతావాటికి ‘నెలసరి రాలేదు’, ‘డేట్ దాటింది’ అంటాం. థైరాయిడ్, బాగా బరువు తగ్గడం, విపరీతమైన టెన్షన్, ఇలా చాలా కారణాలుంటాయి. పీసీఓడీ అనే అండాశయాల హార్మోన్ల సమస్యలో చాలాసార్లు అండమే విడుదల కాదు, కాబట్టి పసుపు ముద్దే ఏర్పడదు. మూడు నెలలైందంటే డాక్టరుకు చూపించండి.

మలక్‌పేట అమ్మా, రజస్వల అయ్యాక మొదటి రెండు మూడేళ్ళు పిల్లలకు వరుస కుదరకపోవడం మామూలే. మీ అమ్మాయికి ఆలస్యమైతే ఇంట్లో ‘నెల తప్పింది’ అనకండి, ‘ఇంకా రాలేదు’ అనండి.